బడి వయసు

ఆ తేదీ రాసింది నేనే. ఇంకొకరి మీదికి తోసెయ్యడానికి లేదు. నీలం సిరా పెన్నుతో, గుండ్రంగా, ఒక్క కొట్టివేత కూడా లేకుండా జూన్ ఒకటి అని రాసి, పక్కన సంవత్సరం వేశాను. ఆ సంవత్సరమే అబద్ధం.

నా పేరు సన్యాసిరావు. విజయనగరానికి కాస్త అవతల మిల్లుపేట బడిలో ముప్ఫై ఏళ్లు డ్రిల్లు మేస్టారిగా చేశాను. మా హెడ్మాస్టారి చేతిరాత కోడి కెలికినట్టుండేది. అందుకని అడ్మిషన్ రిజిస్టరు నా చేతిలో పెట్టేవారు. లోకంలో అన్నీ కంప్యూటర్లలోకి ఎక్కేశాయి నిజమే, కానీ ఎక్కించేవాళ్లు మాత్రం మా రిజిస్టరు చూసే ఎక్కించేవారు. ఆధారుకైనా, రేషన్ కార్డుకైనా నేను రాసిందే మూలం.

మా పేటలో ప్రతి పిల్లకీ రెండు వయసులుండేవి. ఒకటి ఇంటి వయసు, అది తల్లికి తెలుస్తుంది. రెండోది బడి వయసు, అది నాకు తెలుస్తుంది. పిల్లలు కాస్త చురుగ్గా కనిపిస్తే ఓ ఏడాదో రెండేళ్లో తగ్గించి రాసేవాణ్ణి. అండర్ ఫోర్టీన్ పోటీల్లో ఇంకో రెండేళ్లు ఎక్కువ ఆడతారని. నేనొక్కణ్ణే కాదండీ, జిల్లాలో డ్రిల్లు మేస్టర్లందరూ అంతే. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. మా బీరువాలో కప్పులన్నీ అలా వచ్చినవే, వాటిని చూసుకుని మీసం మెలేసుకునేవాణ్ణి కూడా.

పైడితల్లిని బడిలో వెయ్యడానికి వాళ్ల అమ్మమ్మ తీసుకొచ్చింది. తల్లి నూకాలమ్మ జూట్ మిల్లులో పొద్దుటి షిఫ్టుకి పోయింది. తండ్రి లేడు. పిల్ల అంతవరకూ కొండ దిగువ పల్లెలో అమ్మమ్మ దగ్గరే పెరిగింది కాబట్టి బడికి ఆలస్యమైంది.

"ఎప్పుడు పుట్టిందే ముసలమ్మా?" అని అడిగాను.

"పెద్ద తుఫానేడు బావూ. కొబ్బరి సెట్లన్నీ పడిపోనేదా, ఆ వారంలోనే."

ఆ తుఫాను ఏ ఏడు వచ్చిందో నాకు తెలియదా! మా ఇంటి రేకులే లేచిపోయాయి. పిల్లకి ఏడేళ్లు నిండాయి. గుమ్మం దగ్గర ఒంటికాలి మీద తొక్కుడు బిళ్ల ఆడుతోంది, నాలుగు గళ్లు ఒక్క గెంతులో దాటేసింది. నా చెయ్యి ఊరుకోలేదు. అయిదేళ్లని రాసేశాను.

రెండేళ్లు గడిచాక ఆ వ్యాను వచ్చింది.

ఒకప్పుడు కాలేజీల వాళ్లు ఆటగాళ్ల కోసం ఇంటరు పిల్లల చుట్టూ తిరిగేవారు. పక్క రాష్ట్రం వాళ్లు ముందే ఎగరేసుకుపోతున్నారని టెన్త్‌కి దిగారు. ఆ తర్వాత ఎనిమిదికి, ఆరుకి. ఇక పిల్లల ఎదుగుదల ముందే చూపించే యంత్రం వచ్చాక రెండో తరగతికే వచ్చేశారు. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన క్రీడా విశ్వవిద్యాలయం వాళ్లది ఆ వ్యాను, డ్రైవరు లేకుండా దానంతట అదే వచ్చి మా మైదానంలో ఆగింది. అందులోంచి డాక్టర్ నళిని దిగింది. ముప్ఫై దాటని మనిషి. ఒకప్పుడు తనూ పరుగుపందేల్లో ఉండేదట, మోకాలు పోయాక చదువులోకి వచ్చిందట. పిల్లలతో నేల మీద కూచుని మాట్లాడింది. చెడ్డమనిషి కాదండీ. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

యంత్రమంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. గాజుపెట్టెలో ఎడమ చెయ్యి పెట్టాలి. ఇనప పలక మీద మూడుసార్లు గెంతాలి. చివర్న డాక్టరమ్మ వయసు నొక్కుతుంది. నలభై నిమిషాల తర్వాత తెర మీద ఆ పిల్ల ఇరవై ఒకటో ఏట ఎలా ఉంటుందో కనిపిస్తుంది.

"పైడితల్లి వయసెంతండీ?" అని నళిని నన్నే అడిగింది. పిల్లనడగలేదు.

"రిజిస్టరులో చూడండి," అన్నాను.

ఆవిడ చూసి ఏడు అని నొక్కింది. కాసేపటికి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "మాస్టారూ, ఇటు రండి. ఈ పిల్ల ఎముకలకి తొమ్మిదేళ్లున్నాయి. కాగితం మీద ఏడు. అంటే శరీరం క్యాలెండరు కంటే రెండేళ్లు ముందుంది. మేం వెతికేది ఈ ముందంజనే. నాలుగు జిల్లాలు తిరిగాను, ఇంత ముందంజ ఏ పదిమందిలోనో చూశాను."

ఎముకలు నిజం చెప్పేశాయి. అది అద్భుతం కాదు తల్లీ, నా చేతిరాత అని చెప్పాలని నోరు తెరిచాను కూడా.

"డాక్టరు గారూ, ఈ పుట్టిన తేదీలూ..."

"ఊఁ, ఏమిటండీ?"

అప్పుడే తెర వెలిగింది. అందులో ఒక అమ్మాయి. ఆరడుగులకి అంగుళం తక్కువ. మా పైడితల్లి ముక్కే, మా పైడి చెవులే. నాలుగడుగులు పరుగెత్తి, వీపు విల్లులా వంచి, తన తల కంటే ఎత్తున్న హైజంప్ కర్రని దాటేసింది. పిల్లలందరూ ఓ అని అరిచారు. షిఫ్టు దిగి నేరుగా వచ్చిన నూకాలమ్మ, జుట్టు నిండా జనపనార దుమ్ముతో అలాగే నిలబడిపోయింది. మెల్లిగా వెళ్లి తెర మీద ఆ అమ్మాయి చెంప తాకింది.

"నా గుంటేనా?" అంది.

"మీ అమ్మాయేనమ్మా. మాకిస్తే ఇలా చేస్తాం," అంది నళిని.

మిల్లు కూలీల లైను ఇళ్లలో పుట్టిన పిల్ల. దానికి కాలేజీ సీటు, హాస్టలు, ఒలింపిక్స్ కోచ్‌లు. మా బడి పేరు పేపర్లో. ఇక నేనేం చెబుతాను? "ఏమీ లేదండీ," అన్నాను.

అంతటితో అయిపోలేదు. సంతకం పెట్టే ముందు నూకాలమ్మకి ఏడుపొచ్చింది. "తొమ్మిదేళ్ల గుంట. నాను నేకుండా ఒక్కర్తీ ఎలాగుంటాదమ్మా?" అంది.

నళిని చప్పున తలెత్తింది. "తొమ్మిదా?"

ఇది చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గు. నేను నవ్వాను. "వీళ్ల లెక్కలు అలాగే ఉంటాయి డాక్టరు గారూ. నడుస్తున్న ఏడూ కలిపేస్తారు, కడుపులో ఉన్న ఏడూ కలిపేస్తారు. రిజిస్టరులో ఉంది కదా!" అన్నాను. ఆవిడా నవ్వేసింది. నూకాలమ్మ బిక్కమొహం వేసి, "నాకేటి తెలుస్తాది బావూ, సదువులేందాన్ని," అని కాగితం మీద వేలిముద్ర వేసింది.

పైడికి ఇవ్వబోయే ఇంజక్షన్ గురించి నళిని ఆ రోజే వివరంగా చెప్పింది. ఎముకల చివర మెత్తటి పొర ఒకటుంటుందట, ఎత్తు పెరగడమంతా అక్కడేనట. ముందంజ ఉన్న పిల్లలకి ఆ పొర తొందరగా గట్టిపడిపోతుందట. అది గట్టిపడకుండా, పిల్ల తొందరగా పెద్దమనిషి కాకుండా, మూడు నెలలకోసారి మందిచ్చి ఆపుతారు. పద్నాలుగో ఏడు నిండగానే మానేస్తారు. పద్నాలుగు వరకూ ఆపితే ప్రమాదం లేదని ఆవిడ నమ్మకం. ఏ పద్నాలుగు అని ఎవరడుగుతారు?

పైడి వెళ్లిపోయింది. సెలవులకి ఇంటికొచ్చేది. తెర మీది బొమ్మని విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దగా అచ్చువేసిచ్చారు, నూకాలమ్మ దాన్ని టీవీ పైన గోడకి కొట్టించింది. లైన్లో ఆడవాళ్లు చూడ్డానికి వచ్చేవారు. "ఒలే నూకాలూ, ఈ పొడుగుకి మొగుణ్ణెక్కణ్ణుంచి తెస్తావే?" అని ఏడిపించేవారు. ఆవిడ మురిసిపోయేది.

మొదటి వేసవి సెలవుల్లో పైడి ఆ బొమ్మ ముందు నిలబడి నన్నడిగింది. "మేస్టారూ, ఈవిడెప్పుడొస్తాది?"

"ఈవిడ నువ్వేనే పిచ్చిమొద్దూ. ఒక్కో ఏడూ కొంచెం కొంచెం వస్తుంది."

అప్పట్నించీ సెలవులకి రాగానే గోడకి ఆనుకుని నిలబడి, పెన్సిలుతో తల మీద గీత గీయమనేది. మొదట్లో గీతలు బాగానే పైకి పోయాయి. అయిదో ఏటికి దగ్గరదగ్గరగా పడ్డాయి. ఆరో ఏడు వచ్చేసరికి గీయమని అడగడం మానేసింది. అన్నం తినేటప్పుడు ఆ బొమ్మకి వీపు పెట్టి కూచునేది. ఆ మధ్య ఒకసారి, "నేను సరిగ్గా ప్రాక్టీసు చెయ్యట్లేదు మేస్టారూ, అందుకే ఆవిడ రావట్లేదు," అంది. గొంతులో ఏడుపు లేదు. తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. నేను వెర్రి మొహం వేసుకుని, "వస్తుందిలే," అన్నాను. ఛీ, ఏం మనిషినండీ నేను!

ఏడో ఏడు మాఘమాసంలో నూకాలమ్మ మా ఇంటికొచ్చింది. గడప లోపలికి రాలేదు. మా ఆవిడ లేని సమయం చూసుకుని, తల దించుకుని అడిగింది.

"బావూ, మీకు సెప్పకూడదు గానీ ఇంకెవరికి సెప్పను? నా లెక్కలో పైడికి పదారు నిండిపోనాయి. దానీడు గుంటలందరూ పెద్దమనుషులైపోనారు, ఇద్దరికి పెళ్లిళ్లు కూడా అయిపోనాయి. దీనికింకా... ఒళ్లు సూస్తే పదేళ్ల పిల్లలాగుంది. మొన్నొచ్చినప్పుడు నడుం నొప్పని రాత్రంతా మూలిగింది. డాక్టరమ్మనడిగితే ఇంకా పద్నాలుగు నిండనేదు కదా, ఆగమంటన్నాది. నా లెక్కే తప్పేమో, మీరు కాస్త సూసి సెప్పండి."

నా లెక్కే తప్పేమో! ఏడేళ్ల కిందట నేను నవ్విన నవ్వు ఆవిడ లోపల అలా పనిచేసింది. కన్నతల్లి తన లెక్కని తనే నమ్మడం మానేసింది. మందు పద్నాలుగుతో ఆపాలి. పైడికి పదహారు దాటింది. అంటే ఆపాల్సిన వయసు దాటాక కూడా రెండేళ్లుగా ఇస్తూనే ఉన్నారు.

"నేను మాట్లాడతాలే నూకాలమ్మా," అన్నాను.

ఆ క్షణమే ఫోను చెయ్యాల్సింది. చెయ్యలేదు. పన్నెండు రోజుల్లో విశ్వవిద్యాలయాల జాతీయ పోటీల ఎంపిక ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఒక కొత్త విభాగం పెట్టారు. అందులో గెలిస్తే పైడి సీటు శాశ్వతమైపోతుంది, ఆ తర్వాత వయసు సంగతి మెల్లిగా చెప్పుకోవచ్చనుకున్నాను. ఇన్నేళ్లు గడిచాయి, పన్నెండు రోజుల్లో ఏం మునిగిపోతుంది అనుకున్నాను.

పోటీకి నూకాలమ్మనీ నన్నూ బస్సు పెట్టి తీసుకెళ్లారు. మొదటి వరసలో కూచోబెట్టారు. పైడి రెండు ఎత్తులు దాటింది. మూడోదానికి మా వైపు చూసి చెయ్యి ఊపింది. పరుగెత్తుకొచ్చి ఎడమకాలు నేలకి తన్నింది. కర్ర దాకా కూడా పోలేదు. కట్టెపుల్ల విరిచినట్టు చప్పుడు మా దాకా వినిపించింది. పిల్ల మెత్తల మీద కాకుండా మెత్తల ముందు పడింది. అరవలేదు కూడా. నూకాలమ్మ అరిచింది.

తుంటి దగ్గర తొడ ఎముక విరిగిందన్నారు. ఆసుపత్రిలో నర్సు ఫారం పట్టుకొచ్చి, ఆపరేషన్‌కి ముందు మందు మోతాదు కోసం వయసు చెప్పమంది. నళిని పక్కనే ఉంది. నర్సు తల్లినే అడిగింది.

నూకాలమ్మ నా వైపు తిరిగింది. "మీరు సెప్పండి బావూ. నాను సెప్తే తప్పైపోద్ది."

అప్పుడు చెప్పాను. ఎవరి మొహమూ చూడకుండా, "పదహారు," అన్నాను.

నళిని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయింది. నేను మొత్తం చెప్పాను. తుఫాను, రిజిస్టరు, నవ్వు, పన్నెండు రోజులు, అన్నీ. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండు అనిపించింది.

ఆపరేషన్ జరుగుతుండగానే తన ప్రయోగశాలకి తీసుకెళ్లింది. ఏడేళ్ల కిందటి పైడి చేతి బొమ్మ, గెంతుల లెక్కలు యంత్రంలో అలాగే ఉన్నాయి. ఏడు కొట్టేసి తొమ్మిది నొక్కింది. నలభై నిమిషాలు ఇద్దరం ఎదురెదురుగా కూచున్నాం. మధ్యలో ఒకసారి అంది. "ఎముకలు పలచబడుతున్నాయని రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను మాస్టారూ. పద్నాలుగేళ్ల పిల్ల, మందు ఆపగానే కోలుకుంటుందనుకున్నాను. ఆపాల్సిన రోజు కోసం రోజులు లెక్కపెడుతున్నాను."

తెర వెలిగింది. ఒక అమ్మాయి నడుచుకుంటూ వచ్చింది. అయిదడుగుల మూడంగుళాలు. నిండుగా, ఆరోగ్యంగా ఉంది. కర్ర ముందుకొచ్చి గెంతింది, తగిలి పడింది, లేచి బట్టలు దులుపుకుంది. మా పేటలో పొద్దున్నే టిఫిను క్యారేజీలు పట్టుకుని మిల్లుకి వెళ్లే అమ్మాయిల్లో ఏ అమ్మాయైనా అలాగే ఉంటుంది.

"ముందంజ ఎంత?" అని అడిగాను.

"సున్నా."

తర్వాత ఆవిడ నన్ను అడిగింది. "మీ బడిలో ఇలా ఇంకెంతమందికి రాశారు?"

"చురుగ్గా కనిపించిన ఇంచుమించు అందరికీ."

"వేరే బడుల్లో?"

నళిని హాస్టలు జాబితా తెర మీద పెట్టింది. మూడు వందల పదిహేడు మంది పిల్లలు. అందరికీ ముందంజ ఏడాదిన్నర, రెండేళ్లు, రెండున్నర. లక్ష మందిని పరీక్షించి, క్యాలెండరు కంటే అందరికన్నా ముందున్న వాళ్లని ఏరుకొచ్చింది ఆ యంత్రం. ఆవిడ ఆ జాబితాని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూస్తూ ఉండిపోయింది.

"నా యంత్రం ఆటగాళ్లని వెతకలేదు మాస్టారూ," అంది. "మీలాంటి వాళ్ల చేతిరాతని వెతికింది. మూడు వందల మందికి నేను సూది పొడిచాను." ఆపైన టేబులు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఒకరినొకరం ఓదార్చుకోలేదు.

ఆ సాయంత్రమే ఇంజక్షన్లన్నీ ఆపించింది. మర్నాటి నుంచి తల్లులకి ఫోన్లు మొదలుపెట్టింది. తండ్రుల్ని, బడుల్ని అడగలేదు. "అమ్మా, మీ పాప నిజంగా ఎప్పుడు పుట్టింది?" అని ఒక్కటే ప్రశ్న. అవతల్నించి వెంటనే జవాబొచ్చేది. వరదల ముందని, చెల్లెలి పెళ్లి మర్నాడని, మిల్లు మూసేసిన నెలలోనని. ఒక్క తల్లి కూడా తడుముకోలేదు. ఆవిడ పక్కన కూచుని రాసింది నేనే, ఈసారి వాళ్లు చెప్పింది చెప్పినట్టు.

నాలుగో రోజు పొద్దున్న పైడి దగ్గరికెళ్లాను. తొడలో రాడ్ వేశారు. నడుస్తుంది, ఏడాది పట్టొచ్చు. గెంతడం ఇక లేదు. మందు మానేశారు కాబట్టి మెల్లిగా పెద్దదవుతుంది, ఎముక ఎంత కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. నూకాలమ్మ మంచం పక్కన కూచుని కూతురికి జడ వేస్తోంది.

ఇద్దరికీ మొదట్నించీ చెప్పాను. ఏదీ దాచలేదు. నూకాలమ్మ చేతులు జడలోనే ఆగిపోయాయి. నన్ను తిట్టలేదు. "అయితే నాకు తెలుసన్నమాట," అని మెల్లిగా అంది. "ఇన్నేళ్లూ నా గుంట వయసు నాకు తెలుసు." ఆ మాట రెండుసార్లు అనుకుని, జడ వెయ్యడం మళ్లీ మొదలుపెట్టింది.

పైడి పైకప్పు వైపు చూస్తూనే నన్నడిగింది. "అంటే నేను గొప్పదాన్ని కాదా మేస్టారూ? ఏమీ లేదా నాలో?"

గొప్పదానివే అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అలవాటైపోయిన నాలిక కదా. బలవంతంగా మింగాను.

"నీ ఈడు పిల్లలందరి లాంటి దానివే తల్లీ. అందరిలాగే ఎదిగేదానివి. అందరిలాగే గెంతేదానివి. నిన్నెవరూ ముట్టుకోకపోతే."

"అందరిలాగేనా?"

"అందరిలాగే."

దాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు. నా మీద కోపం ఉంటుందని చూశాను. కోపం లేదు, ఏదో మంచి సంగతి ఆలస్యంగా విన్నట్టుంది మొహం.

"రిజిస్టరులో అదే రాసుండొచ్చు కదా మేస్టారూ," అంది.